అండమాన్‌కు గ్రూపు డైవింగ్: పగడాల మీద కాలు పెట్టనివ్వని షాపును ఎట్లా పట్టుకునేది?

శేషాచలం_నడక
తిరుపతి నుంచి మా ట్రెక్కింగ్ గ్రూపు జనవరిలో అండమాన్ పోతా ఉండాం, హేవ్‌లాక్ దీవిలో డైవింగ్ కోసమే. 16 మంది. నలుగురికి ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్ తొలి శిక్షణ పూర్తి చేసినట్టు ఇచ్చేది) ఉండాది, మిగతా 12 మందికి సముద్రంలో దిగడం ఇదే మొదలు. తలకోన అడవిలో మా గ్రూపుకు ఒక కట్టుబాటు ఉంది: పోయిన చోట ఏమీ వదలకూడదు, ఏమీ తీసుకురాకూడదు. నీళ్ల కింద దాన్ని ఎట్లా పాటించేదో తెలీక అడుగుతా ఉండా.

ఏ షాపు వెబ్‌సైట్ చూసినా 'పర్యావరణహితం' అనే రాసుకున్నారు. తెలిసినోళ్లు పంపిన ఒక వీడియోలో గైడే మనిషిని పగడం మీద మోకాళ్లేసి కూర్చోబెట్టి ఫొటో తీస్తా ఉన్నాడు. ఆ షాపు గోడ మీద కూడా తాబేలు బొమ్మ ఉండాది. డబ్బు కట్టకముందే ఫోన్లో ఏమడిగితే అసలు సంగతి తెలుస్తుంది? ఇంకోటి, మనం ఇచ్చే డబ్బులో సముద్రానికి పనికొచ్చేది ఏమన్నా ఉంటుందా, లేక పోకుండా ఉండటమే మేలా?

లోతుమనిషి_చిత్తూరు
'మీది పర్యావరణహితమా' అని అడిగితే కాదనే షాపు ఉండదు. పని ఎట్లా చేస్తారో అడగండి, జవాబులోనే దొరికిపోతారు.

ముందు, కొత్తవాళ్లయితే ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అని అడగండి. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ (PADI) నిబంధనలో తొలిసారి సముద్రంలో దిగేవాళ్లు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు నలుగురి దాకా ఉండొచ్చు, లోతు 12 మీటర్లు దాటకూడదు. అది ప్రాణభద్రతకు పెట్టిన హద్దు. పగడాల వైపు నుంచి చూస్తే నలుగురు చాలా ఎక్కువ. ఒకరి మాస్కులో నీళ్లు చేరితే ఇన్‌స్ట్రక్టర్ అటు తిరుగుతాడు. ఆలోపు మిగతా ముగ్గురు కిందికి జారి చేతికి దొరికినదాన్ని పట్టుకుంటారు. హేవ్‌లాక్‌లో ఒకరికి ఒకరు చొప్పున తీసుకెళ్లే షాపులు ఉన్నాయి, అదే కావాలని అడగండి.

తర్వాత, మాస్కులో నీళ్లు తీయడం, సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ మళ్లీ నోట్లో పెట్టుకోవడం ఎక్కడ నేర్పుతారు? నడుములోతు నీళ్లలో ఇసుక మీద అంటే సరే. 'బోటు మీదే చెప్పేస్తాం, నేరుగా దిగేయొచ్చు' అంటే ఇంకో షాపు చూసుకోండి.

మునగడానికి ఒక్కో మనిషి నడుముకు ఎన్ని కిలోల బరువు కడతారు, ఆ లెక్క ఎట్లా తేలుస్తారు అనేది ఇంకో ప్రశ్న. 'అందరికీ ఎనిమిది కిలోలు' అని గంపగుత్తగా చెబితే వాళ్ల చోట్ల పగడాలు విరుగుతున్నట్టే. చివరగా బోటును దేనికి కడతారో కనుక్కోండి. లంగరు వేస్తారా, అడుగున బిగించి పైన తేలేట్టు పెట్టిన బోయ్‌కి కడతారా?

ట్రావెల్స్_తిరుచానూరు
గ్రూపులు పంపే పని కాబట్టి ఒక మాట. మనోళ్లు ఫోన్ తీయగానే అడిగేది '16 మందిమి, ఎంత తగ్గిస్తావు' అని. షాపుకు బోటు డీజిల్ తగ్గదు, కంప్రెసర్ ఖర్చు తగ్గదు. రేటు తగ్గిస్తే తగ్గేది ఇన్‌స్ట్రక్టర్ల సంఖ్యే. బేరం ఆడాలనుకుంటే రూముల దగ్గర, భోజనాల దగ్గర ఆడండి. కొత్త డైవర్‌కు ఒకరు చొప్పున ఇన్‌స్ట్రక్టర్ అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. 12 మందిని ఒకే పూట దింపమని అడగొద్దు. నలుగురు చొప్పున మూడు పూటలు. అందుకు ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి.

కుప్పం_కెమెరా
బరువు సంగతి అర్థం కాలేదు. బరువు జాస్తి కడితే మనిషి కిందనే నిలకడగా ఉంటాడు కదా? పగడానికి దాంతో ఏం సంబంధం?

లోతుమనిషి_చిత్తూరు
నిలకడ పోయేది అక్కడే. కావాల్సినదానికంటే నాలుగు కిలోలు ఎక్కువ కట్టారనుకోండి. మునిగిపోకుండా ఉండటానికి బీసీడీ జాకెట్‌లో (తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్) అదనంగా నాలుగు లీటర్ల గాలి నింపాలి. 10 మీటర్ల లోతులో పీడనం 2 బార్లు, 5 మీటర్ల దగ్గర 1.5. మనిషి 10 నుంచి 5కు తేలితే ఆ నాలుగు లీటర్లు 5.3 అవుతాయి, అంటే కిలోకు పైగా పైకి తోసే బలం. మనిషి సర్రున లేస్తాడు. భయపడి గాలంతా వదిలేస్తాడు. అప్పుడు నాలుగు కిలోల అదనపు బరువుతో నేరుగా పగడపు దిబ్బ మీద పడతాడు. ఆ నాలుగు కిలోలు లేకపోతే ఊపిరి ఎక్కువ తక్కువ చేసుకునే సర్దుకోవచ్చు.

ఇంకోటి, బరువు నడుముకు ఉంటుంది, గాలి భుజాల దగ్గర చేరుతుంది. అందుకే ఎక్కువ బరువు కట్టిన మనిషి నీళ్లలో అడ్డంగా పడుకోలేడు, నిలువుగా నడుస్తున్నట్టు ఉంటాడు. కాళ్లకు తొడిగిన ఫిన్స్ కిందికి చూస్తాయి. ప్రతి తన్నూ అడుగున తగులుతుంది.

సరైన బరువు చూసే పద్ధతి: సిలిండర్ దాదాపు 50 బార్‌కు దిగాక, నీటి పైన నిటారుగా, జాకెట్‌లో గాలి అంతా తీసేసి, మామూలు ఊపిరి పట్టుకుంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే దానికి రెండు కిలోలు కలుపుకోవాలి. ఎందుకంటే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ 200 బార్లకు నిండితే లోపలి గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. డైవ్ అయ్యేసరికి అందులో రెండు కిలోలు ఖర్చయి, సిలిండర్ తేలిక అవుతుంది. కార్డు ఉన్న మీ నలుగురూ మొదటి డైవ్‌లో ఇది చేయించుకోవాలి. ఏడాదిగా దిగి ఉండకపోతే రిఫ్రెషర్ తీసుకోండి, అదీ ఇసుక మీదే.

సాగరిక_జీవశాస్త్రం
విరగ్గొట్టడమే నష్టం అనుకుంటారు. ఫిన్స్‌తో లేచే ఒండ్రు కూడా నష్టమే. పగడం మీద మట్టి పడితే అది జిగురు స్రవించి దాన్ని తోసేసుకోవాలి. పెరగడానికి వాడాల్సిన శక్తి ఆ పనికి పోతుంది. రోజంతా అదే చోట గ్రూపు తర్వాత గ్రూపు ఇసుక రేపితే, పగడం లోపల ఉండి దానికి తిండి చేసిపెట్టే శైవలాలకు (సన్న నాచుకు) వెలుతురు అందదు, తిండి తగ్గుతుంది. కొమ్మల పగడాలు, మేజా బల్లల్లా పరుచుకునే పగడాలు ముందు విరుగుతాయి. బండలాంటివి విరగవు గానీ చేయి తగిలితే పైపొర చితికి, ఆ గాయంలో జబ్బు చేరుతుంది.

గైడ్ల గురించి గట్టి ఆధారం ఉంది. కరీబియన్‌లోని సెయింట్ లూసియాలో 353 మంది డైవర్లను గమనించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. బోటు మీద బ్రీఫింగ్‌లో ఒక్క వాక్యం కలిపి 'పగడాలు తాకొద్దు' అని చెబితే తేడా ఏమీ రాలేదు. గైడ్ నీళ్లలో తాకుతున్న మనిషి దగ్గరికి పోయి ఆపినప్పుడు తాకడం నిమిషానికి 0.3 నుంచి 0.1కి పడింది. అంతకుముందు 1997లో ఈజిప్టులోని రాస్ మొహమ్మద్‌లో బ్రీఫింగ్‌తో పాటు నీళ్లలో చూపించి చెబితే ఏడు నిమిషాలకు 1.4 సార్లు తాకేవాళ్లు 0.4కు తగ్గారు. షాపును అడగాల్సిన ఐదో ప్రశ్న ఇది: కస్టమర్ పగడం పట్టుకుంటే మీ గైడ్ ఏం చేస్తాడు?

కుప్పం_కెమెరా
లెక్కతో చెబితే అర్థమైంది, థాంక్స్ అన్నా. కెమెరా ఉన్నోళ్లు ఎక్కువ తాకుతారని సెయింట్ లూసియాలోనే తేలింది, అది నిజమే. చిన్న నత్తను దగ్గరగా తీయాలంటే మనిషి కదలకుండా ఉండాలి, అందుకని ఒక చేత్తో రాయిని పట్టుకుంటాడు. పట్టుకోకుండా తీసే పద్ధతి ఉంది. అడుగున ఉన్నదాన్ని పక్కనుంచి తీయండి, పైనుంచి వంగొద్దు. పక్కన ఇసుక ఉంటేనే ఆ బొమ్మకు పోండి. ప్రవాహం ఉంటే దానికి ఎదురుగా తిరిగి మెల్లగా తన్నుతా ఉంటే నిలబడొచ్చు. ఊపిరి సగం పీల్చి తీసి, తర్వాత వెనక్కి జరిగి తిరగండి. చాలామంది ఫొటో తీశాక అక్కడికక్కడే తిరుగుతారు, ఫిన్స్ దెబ్బ అప్పుడే పడుతుంది.

మొదటిసారి దిగే 12 మందికి మాత్రం కెమెరా ఇవ్వొద్దు. సెల్ఫీ కర్ర అసలే వద్దు.

పుంగనూరు_ప్రశ్న
ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. పగడాల్ని చంపేది వేడి. 1998, 2010, 2016ల్లో తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ (పగడాలు తెల్లబడటం) అని ప్రకటించారు. 16 మంది చెన్నై నుంచి విమానంలో పోయి, డీజిల్ బోటెక్కి, ఆ పైన మోకాలు తగలకుండా జాగ్రత్త పడితే ఏం ఒరుగుతుంది?

సాగరిక_జీవశాస్త్రం
ప్రశ్న న్యాయమైనదే. వేడిని డైవ్ షాపు ఆపలేదు. కానీ తెల్లబడిన పగడం వెంటనే చచ్చిపోదు. నీళ్లు వారాల్లో చల్లబడితే శైవలాలు మళ్లీ చేరి కోలుకుంటుంది. ఆ వారాల్లో దానిమీద మట్టి పడకుండా, గాయం కాకుండా, మురుగు చేరకుండా ఉంటే బతికేవి ఎక్కువ. స్థానికంగా చేయగలిగేది అదొక్కటే, అది తక్కువ పని కాదు. బ్లీచింగ్ నడుస్తున్నప్పుడు ఆ దిబ్బ మీదికి కొత్తవాళ్లను తీసుకుపోకుండా ఇసుక చోట్లకు మళ్లించడం షాపు చేయాల్సిన మొదటి పని. థాయ్‌లాండ్‌లో కో తచాయ్ దీవిని 2016లో పర్యాటకులకు మూసేశారు, మాయా బే 2018లో మూసి 2022లో షరతులతో తెరిచారు. ప్రభుత్వం మూసేదాకా ఆగకుండా షాపులే ముందు తప్పుకోవచ్చు.

డైవర్ల వల్ల వచ్చే రెండో లాభం కళ్లు. శాస్త్రవేత్తలు ఏడాదికోసారి వస్తారు, షాపు మనుషులు రోజూ అదే దిబ్బ చూస్తారు. క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్‌కు ఒక రంగుల అట్ట ఉంటుంది. ఒక్కో రంగుకు ఆరు ఛాయలు, 1 నుంచి 6 దాకా. కనీసం 20 పగడాలు ఎంచుకుని, ఒక్కోదాంట్లో అతి లేత చోటు, అతి ముదురు చోటు ఏ ఛాయకు కలుస్తుందో రాసుకోవాలి. పగడం కొమ్మలదా, బండదా, పలకదా, మెత్తనిదా అనేది కూడా. అట్టను పగడానికి ఆనించకూడదు, పక్కన పెట్టి చూడాలి. సగటు అంకె వారం వారం తగ్గుతా ఉంటే బ్లీచింగ్ మొదలైనట్టు. కార్డు ఉన్న నలుగురూ ఈ పని చేయగలరు, ముందు బరువు సరిచూసుకుంటే.

పుంగనూరు_ప్రశ్న
ఇసుక చోట్లకు మళ్లించడం అనే మాట నచ్చింది. అయితే ఒక దిబ్బకు ఏడాదికి ఎంతమంది అనే లెక్క ఎవరన్నా పెట్టారా?

సాగరిక_జీవశాస్త్రం
పెట్టారు. ఎర్ర సముద్రం పరిశోధనల్లో ఒక డైవ్ చోటుకు ఏడాదికి 5,000 నుంచి 6,000 డైవ్‌లు దాటితే నష్టం వేగంగా పెరుగుతుందని తేలింది. కరీబియన్ దీవి బొనైర్‌లో వేసిన లెక్క కూడా దీనికి దగ్గరే, 4,000 నుంచి 6,000. మన లెక్కలో చూడండి. ఒక చోట పొద్దున 20 మంది, మధ్యాహ్నం 20 మంది, సీజన్లో 200 రోజులు అంటే 8,000. ఒక మోస్తరు షాపు, ఒకే బోటు ఆ హద్దు దాటించేయగలదు.

లోతుమనిషి_చిత్తూరు
సాగరిక గారూ, ఆ అంకెను చట్టంలా పట్టుకోవడం సరి కాదు. అన్ని దిబ్బలూ ఒకటి కాదు. కొమ్మల పగడాలు నిండిన లోతులేని చోట 3,000 కూడా ఎక్కువే. ప్రవాహం ఉండి అందరూ దిబ్బకు దూరంగా కొట్టుకుపోతా చూసే చోట 8,000 అయినా దెబ్బ తక్కువ. అంతకంటే, ఒకరికి ఒకరు చొప్పున పట్టుకుని తీసుకెళ్లిన వంద మంది చేసే నష్టం, గుంపుగా వదిలిన పది మంది చేసేదానికంటే తక్కువ. అంకె మీద పెట్టే పట్టు గైడ్ల మీద పెడితే ఎక్కువ ఫలితం.

సాగరిక_జీవశాస్త్రం
గైడ్లను ఎవరు చూస్తారు? అంకెను బయటివాళ్లు లెక్కపెట్టగలరు, గైడ్ నీళ్లలో ఏం చేశాడో లెక్కపెట్టలేరు. రెండూ ఉండాలి. బొనైర్‌లో అందుకే రెండూ పెట్టారు. 1979 నుంచి దీవి చుట్టూ మెరైన్ పార్కు, ప్రతి డైవరూ ఫీజు కట్టాలి, మొదటి డైవ్‌లో తేలియాడే నిలకడ చూపించాకే మిగతా చోట్లకు పోనిస్తారు. చేతి తొడుగులు నిషేధం. తొడుగు ఉంటే మనిషి పట్టుకోవడానికి జంకడు.

లోతుమనిషి_చిత్తూరు
తొడుగుల మాట నిజం. నిలకడ పరీక్ష ఇక్కడా పెట్టాలి, అందులో పేచీ లేదు.

గ్రీన్ ఫిన్స్ గురించి కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, రీఫ్-వరల్డ్ ఫౌండేషన్ కలిసి 2004లో మొదలుపెట్టాయి. డైవ్ షాపులకు 15 అంశాల నియమావళి ఇస్తారు. పూర్తి సభ్యత్వం ఉన్న దేశాల్లో ఏడాదికోసారి మనిషి వచ్చి, బోటెక్కి, నీళ్లలో దిగి మరీ చూస్తాడు. గోడ మీది బోర్డుకు దానికి తేడా అదే. అది లేని షాపు కూడా ఆ 15 అంశాలు తీసుకుని పాటించొచ్చు, ఎవరూ అడ్డుకోరు.

లంగరు_బాషా
అందరూ మనుషుల కాళ్ల గురించే మాట్లాడుతున్నారు, బోటు లంగరు సంగతి ఒక్క ప్రశ్నతో వదిలేశారు. డైవర్ ఒక కొమ్మ విరిస్తే లంగరు ఒక తోట లేపేస్తుంది. లంగరు ఒక్కటే కాదు, దాని గొలుసు కూడా. గాలి మారినప్పుడల్లా బోటు తిరుగుతుంది, గొలుసు అడుగున అర్ధచంద్రంలా ఊడ్చుకుంటా పోతుంది. పరిశ్రమ చేయగలిగిన అతి పెద్ద పని శాశ్వత మూరింగ్ బోయ్‌లు వేయడం, వాటిని చూసుకోవడం. వేయడం సులువు, చూసుకోవడమే ఎవరూ చేయరు.

గట్టి సున్నపురాయి అడుగు అయితే హాలస్ పద్ధతి. జాన్ హాలస్ అమెరికాలోని కీ లార్గోలో 1981లో తెచ్చాడు. హైడ్రాలిక్ డ్రిల్లుతో రాతిలో రంధ్రం చేసి, 18 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ ఐబోల్ట్ దింపి సిమెంటుతో బిగిస్తారు. అడుగున చేతి వెడల్పు చోటు చాలు. ఇసుక, పగడపు రాళ్ల ముక్కలు ఉంటే మాంటా లంగరు. దాన్ని లోపలికి కొట్టి పైకి లాగితే రెక్కలు తెరుచుకుని పట్టుకుంటుంది.

పైన తాళ్లు మూడు. ఐబోల్ట్ నుంచి పైకి వచ్చేది, బోయ్ మధ్యలోని గొట్టం గుండా పోయేది, బోటువాళ్లు అందుకునేది. లాగే బలం తాడు మీద పడాలి, బోయ్ మీద పడకూడదు, అందుకే ఆ గొట్టం. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, వదులైతే బోటు ఇంజన్ ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. అందుకని కింది తాడుకు మధ్యలో చిన్న సీసం బరువు కట్టాలి. తాడు మరీ పొట్టిదైతే అలల్లో బోయ్ మునిగి ఐబోల్ట్‌ను గుంజుతుంది, మరీ పొడుగైతే పక్క బోటును కొడుతుంది. ఒరిపిడి తగిలే చోట పాత ఫైర్ హోస్ ముక్క తొడగండి. తాళ్లను కలిపే ఇనుప కొక్కెం, అంటే షాకిల్, దాని పిన్నుకు తీగ కట్టకపోతే కదలికకు మెల్లగా మర తిరిగి ఊడుతుంది. నెలకోసారి దిగి ఇవన్నీ తడిమి చూడాలి. వానాకాలం ముందు బోయ్, పై తాళ్లు తీసేసి, కింది తాడును నీటి లోపలే ఉండే చిన్న తేలుడుబుంగకు కట్టి వదలాలి. లేకపోతే అదే తాడు దిబ్బ మీద పడి కోస్తుంది.

లోతుమనిషి_చిత్తూరు
బాషా అన్నా, చిన్న షాపులకు హైడ్రాలిక్ డ్రిల్లు ఎక్కడిది? కాంక్రీటు దిమ్మె వేసుకుంటే చాలదా, ఇసుకలో?

లంగరు_బాషా
చాలామంది చేసే పొరపాటు అదే. టన్ను దిమ్మె అంటే నేల మీద టన్ను. సముద్రపు నీళ్లలో దాని బరువు 570 కిలోల దగ్గరే. చిన్న బోటుకు మామూలు రోజుల్లో ఆగుతుంది. అల బోటును పైకి ఎత్తినప్పుడు దిమ్మె లేచి మళ్లీ పడుతుంది, ఒక్కో అలకు ఒక్కో అడుగు జరుగుతుంది. బంగాళాఖాతంలో తుపాను వస్తే ఆ దిమ్మె దిబ్బ మీద దొర్లే బండే. వేయాల్సే వస్తే పగడానికి చాలా దూరంగా, పూర్తిగా ఇసుకలో, సగం పూడేట్టు వేయాలి. డ్రిల్లు లేదంటే నాలుగు షాపులు కలిసి అద్దెకు తెచ్చుకోవాలి. రక్షిత ప్రాంతమైతే అటవీ శాఖ అనుమతి లేకుండా రాతిలో ఏదీ దింపకూడదు. ఇవేవీ కుదరకపోతే బోటు కట్టకుండా ఇంజన్ నడుపుతా దూరంగా తిరుగుతా ఉండి, డైవర్లు గుర్తుగా చిన్న బోయ్‌ను పైకి పంపినప్పుడు వచ్చి ఎక్కించుకోవాలి. డీజిల్ రొంత ఎక్కువ కాలుతుంది, పగడం మిగులుతుంది.

అలిపిరి_మెట్లు
టాపిక్ మారుస్తున్నా, క్షమించండి. మేం అండమాన్ కాదు, పాండిచ్చేరిలో డైవ్ చేసి అదే రోజు కారులో తిరిగొచ్చి తిరుమల దర్శనానికి పోదామనుకుంటున్నాం. విమానం ఎక్కం కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?

పలమనేరు_డాక్టరమ్మ
ఉంటుంది. తిరుమల ఎత్తు దాదాపు 2,800 అడుగులు. డైవింగ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ ఎత్తులో బుడగలు కట్టకుండా విమానానికి పెట్టిన నియమం 2,000 అడుగులు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తుంది, కొండ రోడ్డయినా సరే. పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగే పని (డీకంప్రెషన్ ఆగుడు) లేని ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు గానీ వరుస రోజులు గానీ అయితే 18 గంటలు ఆగాలి. పాండిచ్చేరి నుంచి తిరుపతికి ఐదారు గంటల ప్రయాణమే, అది చాలదు. రాత్రి తిరుపతిలో పడుకుని మర్నాడు ఎక్కండి. డైవ్ మర్నాడు మెట్లదారి కూడా వద్దు, ఘాట్ రోడ్డు బస్సు ఎక్కండి. కీళ్లనొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిర్లు కనబడితే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి డైవ్ చేశామని ముందే చెప్పండి. మామూలు వైద్యుడికి అది తట్టదు.

అలిపిరి_మెట్లు
చాలా మేలు చేశారమ్మా. దర్శనం మర్నాటికి మార్చుకుంటాం.

మదనపల్లి_మాధవి
మా గ్రూపులో ఒకాయన శ్రీవారి లడ్డూ పొడి చేసి చేపలకు ప్రసాదంగా వేస్తానంటున్నాడు. ఎట్లా ఆపాలి?

సాగరిక_జీవశాస్త్రం
ప్రసాదం బోటులో మనుషులకు పంచమనండి, అందరూ సంతోషిస్తారు. చేపలకు బ్రెడ్డు, బిస్కెట్లు అలవాటైతే దిబ్బ మీది నాచు తినడం తగ్గిస్తాయి. నాచు పెరిగితే పగడపు పిల్లలు అంటుకోవడానికి చోటుండదు. పైగా తిండికి మరిగిన చేపలు వేళ్లు కొరుకుతాయి.

సన్‌స్క్రీన్ కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవి, పగడాలకు చేటని, హవాయిలో 2021 జనవరి నుంచి అమ్మడం లేదు, పలావు 2020లోనే నిషేధించింది. సీసా మీద 'రీఫ్ సేఫ్' అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఆ మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. వెనక దినుసుల పట్టీ చదవండి. అంతకంటే మేలు నిండు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేసుకోవడం, అప్పుడు పూసుకోవాల్సింది ముఖానికి, మెడకు మాత్రమే.

ట్రావెల్స్_తిరుచానూరు
ఒడ్డున ఏరుకునే వాటి సంగతి కూడా చెప్పండి. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో బ్యాగులు తీసి చూస్తారు.

లోతుమనిషి_చిత్తూరు
రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, రాక్షస ఆల్చిప్పలు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్క కూడా తేకూడదు.

ఇంకో జాగ్రత్త. 'పగడం నాటండి, సర్టిఫికెట్ ఇస్తాం' అని ఎవరన్నా అంటే అటవీ శాఖ అనుమతి పత్రం చూపమనండి. అనుమతి ఉన్నా, నాటిన వాటిలో ఏడాది తర్వాత ఎన్ని బతికాయో రాసి పెట్టారా అని అడగండి. త్వరగా పెరుగుతాయని కొమ్మల పగడాలే కట్టేస్తారు, వేడికి ముందు పోయేవీ అవే. ఏది పడితే అది నీళ్లలో పడేసి కృత్రిమ దిబ్బ అనడం ఇంకా ప్రమాదం. ఫ్లోరిడాలో 1972లో ఆస్బోర్న్ రీఫ్ పేరిట 20 లక్షల దాకా టైర్లు వేశారు. కట్లు తెగి పక్కనున్న అసలు పగడాల మీదికి కొట్టుకుపోయాయి, ఇంకా తీస్తూనే ఉన్నారు.

తూపిలిపాళెం_కుర్రోడు
ఇదంతా అండమాన్ సంగతి. మన తిరుపతి జిల్లాకూ సముద్రం ఉందని ఎవరికీ గుర్తు రాదు. వాకాడు, తూపిలిపాళెం దగ్గర నీళ్లు ఒండ్రుతో మసకగా ఉంటాయి, డైవింగుకు పనికిరాదు, ఒప్పుకుంటాం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఒడ్డునే గుడ్లు పెడతాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు రాకూడదనే నియమం ఉన్నా, చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. డైవింగ్ వాళ్లు వచ్చి చేపలు పట్టొద్దని మాకు చెబుతారేమో అని మావోళ్లకు అనుమానం.

సాగరిక_జీవశాస్త్రం
ఆ అనుమానం తీరిన చోట్లు రెండు చెబుతా. ఫిలిప్పీన్స్‌లో అపో దీవి. జీవశాస్త్రవేత్త ఆంగెల్ అల్కాలా, సిల్లిమన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల మొదట్లో జాలర్లతో మాట్లాడి దిబ్బలో ఒక చిన్న భాగం మాత్రం వేట ఆపించారు. కాపలా ఊరివాళ్లదే. తర్వాత డైవర్ల ఫీజు ఊరికి రావడం మొదలైంది. రెండోది మెక్సికోలో కాబో పుల్మో. 1995లో పార్కు అయింది, ఊరి జాలరి కుటుంబాలే వేట మాని డైవింగ్ బోట్లు నడిపాయి. 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. రెండు చోట్లా నిర్ణయం ఊరిది. బయటినుంచి వచ్చిన షాపు వేట ఆపమని చెబితే నిలవదు. షాపును అడగాల్సినది ఇంకోటి: మీ డైవ్‌మాస్టర్లలో (నీళ్లలో దారి చూపే గైడ్లలో), బోటు నడిపేవాళ్లలో ఆ దీవి వాళ్లు ఎంతమంది?

తూపిలిపాళెం_కుర్రోడు
అట్లయితే సరే. మా దగ్గర డైవర్లు చేయగలిగిన పని ఒకటి ఉండాది. తెగిపోయిన వలలు. రాళ్లకు, మునిగిన పడవలకు చిక్కుకుని ఏళ్ల తరబడి చేపల్ని, తాబేళ్లను పడుతూనే ఉంటాయి. యాడ చిక్కుకున్నాయో మాకు తెలుసు, మా వల పోయిన చోటు మేం మర్చిపోం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఖాళీగా ఉంటాయి. ఆ రోజుల్లో తీయొచ్చు కదా?

లోతుమనిషి_చిత్తూరు
మంచి ఆలోచన, కానీ నీళ్లు మసకగా ఉన్న చోట వల పని అతి ప్రమాదం. కొత్తవాళ్లు ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. అనుభవం, శిక్షణ ఉన్నవాళ్లు కూడా కనీసం 3 మీటర్ల చూపు ఉంటేనే దిగాలి, లేకపోతే ఆ రోజు వదిలేయాలి.

పద్ధతి చెబుతా. ఒక్కొక్కరి దగ్గర రెండు కోత పరికరాలు, రెండు వేర్వేరు చోట్ల, ఏ చేతికైనా అందేట్టు. వేలాడే గొట్టాలన్నీ శరీరానికి బిగించాలి. ప్రవాహం మనల్ని వల నుంచి దూరంగా తోసే పక్కనే ఉండాలి, వల మీదికి తోసే పక్క ఎప్పుడూ వద్దు. గుంజకూడదు. గుంజితే దానికి అంటుకున్న పగడం, మెత్తని జీవాలు ఊడిపోతాయి. చిన్న ముక్కలుగా కోయాలి. జీవాలు పూర్తిగా కమ్మేసి వల కనబడని చోట దాన్ని అట్లాగే వదిలేయాలి. ముక్క 7 కిలోలు దాటితే చేత్తో ఎత్తొద్దు, గాలి నింపితే బరువును పైకి లేపే లిఫ్ట్ బ్యాగు కట్టాలి. దాన్ని మన ఒంటికి తగిలించుకోకూడదు. బరువు కొంచెం కదిలేంత గాలి మాత్రం నింపాలి. 10 మీటర్ల దగ్గర నింపిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు అవుతుంది. ముందే ఎక్కువ నింపితే బ్యాగు రాకెట్‌లా లేచి, పైన ఒరిగి గాలి పోయి, వల మళ్లీ మన మీదే పడుతుంది.

పైకి తెచ్చాక నీళ్లు కారనిచ్చి, బతికున్న పీతల్ని, చేపల్ని తీసి వదిలి, తూకం వేసి, రకాల వారీగా లెక్కపెట్టి రాయాలి. డైవ్ ఎగైనెస్ట్ డెబ్రిస్ అని 2011 నుంచి ఒక లెక్క నడుస్తోంది. చోటు, లోతు, ఎంతసేపు, ఎంతమంది అని యాప్‌లో పెట్టాలి. నీటి అడుగున దొరికినదే రాయాలి, ఒడ్డున ఏరింది కలపకూడదు. ఏమీ దొరక్కపోయినా రాయాలి, అది కూడా సమాచారమే.

శేషాచలం_నడక
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ఈ ప్రశ్నలన్నీ రాసి నాలుగు షాపులకు పంపినా. ఒకరు ఫోన్ చేసి ఇన్‌స్ట్రక్టరే మాట్లాడాడు, మా నలుగురి చివరి డైవ్ ఎప్పుడో, ఎత్తు బరువు ఎంతో అడిగాడు. ఇంకొకరు డిస్కౌంట్ పట్టీ పంపారు.

వలల పనికి మేం ఇప్పుడే చాలం. తిరుపతిలో ఉండి చేయగలిగింది ఏమన్నా చెప్పండి.

లంగరు_బాషా
స్వర్ణముఖి చూడండి. చంద్రగిరి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది, అందుకే చెత్తంతా ఇసుకలో పోస్తారు. నవంబరు వానలకు మొదటి వరద రాగానే అంతా ఒక్కసారిగా కదులుతుంది. డిసెంబరులో ఏరితే చెత్త అప్పటికే సముద్రంలో ఉంటుంది. అక్టోబరులోనే, వంతెనల కింద, సంత జరిగే చోట్ల ఏరాలి. పల్చటి కవర్లు, సాషేలు ముందు ఏరండి. అవి చిన్న ముక్కలైపోతే ఎవరూ తీయలేరు. సీసాలు పెద్దవి, తర్వాతైనా దొరుకుతాయి.

తూపిలిపాళెం_కుర్రోడు
ఇది నిజం. మొదటి వరద తర్వాత మా వలల్లో చేపలకంటే కవర్లు ఎక్కువ పడతాయి. మీరు ఆడ ఏరిన రోజు ఫొటో పెట్టండి, మేం ఈడ నదీముఖం దగ్గర ఏరతాం. రెండు చోట్లా ఒకే పట్టీలో రాసుకుంటే ఎంత ఆపినామో తెలుస్తుంది.

మదనపల్లి_మాధవి
కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపి గాజు సీసాకు డిపాజిట్ పెట్టారు కదా, తిరిగిస్తే డబ్బు వాపసు. డైవ్ బోట్లలోనూ అదే పెట్టమని అడగొచ్చు. 16 మందికి పూటకు రెండు సీసాలంటే 32. ఇంటి నుంచి స్టీలు సీసాలు తీసుకుపోయి 20 లీటర్ల క్యాను పెట్టించుకోండి.

శేషాచలం_నడక
అక్టోబరు రెండో ఆదివారం పొద్దున ఆరింటికి చంద్రగిరి వంతెన కింద మా వాళ్లం ఉంటాం. గోనెసంచులు, తూకం మాది. డైవింగుకు ముందు ఊళ్లోనే ఏమన్నా సాధన చేయొచ్చా?

లోతుమనిషి_చిత్తూరు
ఈతకొలనులో చేయొచ్చు. మాస్కు, స్నార్కెల్ పెట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి పది నిమిషాలు నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి. అడ్డంగా పడుకుని, చేతులు కట్టుకుని, కాళ్లు మాత్రమే కప్పలా వెడల్పుగా తన్నాలి. చేతులు ఆడించే అలవాటు కొలనులోనే పోవాలి, దిబ్బ దగ్గర పగడాన్ని ముందు తగిలేవి అవే. ఫిన్స్ లేకుండా నేర్చుకుని తర్వాత తొడగండి. కార్డు ఉన్న నలుగురూ కోత పరికరం తెచ్చుకునేట్టయితే చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి, చేతి సంచిలో ఉంటే చెన్నై విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.